కారు అద్దానికి నీళ్లు పోస్తున్నారా?



ఇవాళ మనం చెప్పుకోబోయేది వంటింటి సంగతి కాదు, కారు సంగతి. "కారు గొడవ మనకెందుకమ్మా, అదంతా మావారు చూసుకుంటారు, లేకపోతే మెకానిక్కు చూసుకుంటాడు" అనుకోకండి. ఒకప్పుడు వీధి మొత్తానికి ఒక్క కారుంటే గొప్ప. ఇప్పుడు ఏ అపార్టుమెంటు కింద చూసినా కారుకీ కారుకీ మధ్య మనిషి నడవడానికి చోటుండదు. పిల్లల్ని బడి దగ్గర దింపి రావడం, రైతుబజారుకి వెళ్లి రావడం, అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లడం, ఇవన్నీ మనమే కారు నడుపుకుంటూ చేసుకొస్తున్నాం. నడపకపోయినా ముందు సీట్లో కూర్చునేది మనమే కదండీ.

పెట్రోలు ఎంతుందో చూసుకుంటాం. టైర్లలో గాలి కొట్టిస్తాం. వేళకి ఆయిలు మార్పిస్తాం. కాని ముందు అద్దం కడగడానికి బానెట్టు కింద ఒక నీళ్ల డబ్బా ఉంటుందనీ, అందులో నీళ్లు అయిపోతాయనీ, ఏ నీళ్లు పడితే ఆ నీళ్లు అందులో పోయకూడదనీ చాలా ఇళ్లలో ఎవరికీ పట్టదు. స్టీరింగు పక్కనుండే వైపరు కాడ కాస్త లాగితే అద్దం మీదికి చిమ్ముతాయే, ఆ నీళ్లు ఆ డబ్బాలోంచే వస్తాయి. వెనక అద్దానికి కూడా వైపరున్న కార్లలో చాలావాటికి ఆ నీళ్లు కూడా అక్కణ్ణించే. కరెంటుతో నడిచే కార్లకి ఇంజను ఆయిలంటూ ఉండదు గాని ఈ డబ్బా మాత్రం తప్పదు.

దాన్ని నింపడానికి ఐదు నిమిషాలు చాలు. పానా అక్కర్లేదు, మెకానిక్కు అక్కర్లేదు. ఇంట్లో ఫిల్టరు శుభ్రం చేసుకునే మనిషికి ఇదొక లెక్కలోది కాదు.

కంటికి కన్నీరు ఎలాగో

మన కంట్లో దుమ్ము పడిందనుకోండి, ఏమవుతుంది? నీళ్లు ఊరతాయి, రెప్ప కొట్టుకుంటుంది, దుమ్ము కొట్టుకుపోతుంది. నీళ్లు లేకుండా ఉత్త రెప్ప కొట్టుకుంటే కన్ను మండుతుంది, ఇంకా ఎర్రబడుతుంది. కారుకి వైపరు రెప్ప అయితే, ఈ డబ్బాలోని నీళ్లు కన్నీళ్లు. వాన కురిసినప్పుడు ఎలాగూ నీళ్లుంటాయి. కాని మన ఊళ్లలో చిక్కంతా వాన లేనప్పుడూ, సగం సగం చినుకులు పడేటప్పుడూను.

ఎండాకాలం అంతా అద్దం మీద దుమ్ము పేరుకుంటుంది. ముందు వెళ్లే బస్సు పొగలోని జిడ్డు దాని మీద అట్టలా కడుతుంది. తొలకరికి నాలుగు చినుకులు పడతాయి. ఎదురుగా వచ్చే లారీ ఇంత బురదనీళ్లు అద్దం మీద కొట్టి పోతుంది. చప్పున వైపరు వేస్తారు. అద్దం శుభ్రపడదు సరిగదా, ఇల్లు అలికినట్టు ఆ బురద అద్దమంతా పరుచుకుంటుంది. ఆ క్షణంలో రోడ్డు కనబడదు. గంటకి 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనుకి దాదాపు 17 మీటర్లు ముందుకు పోతుంది. మూడు సెకన్లు కళ్లు కనబడకపోతే 50 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. ఆ 50 మీటర్లలో రోడ్డు దాటే ముసలమ్మ ఉండొచ్చు, సైకిలు మీద పిల్లవాడు ఉండొచ్చు. ఆ సమయంలో డబ్బాలో నీళ్లు ఉన్నాయా లేవా అన్నది చిన్న సంగతా, చెప్పండి!

ఇంకో నష్టం కూడా ఉంది. దుమ్ము పట్టిన అద్దం మీద పొడి వైపరు తిప్పడమంటే ఇసకతో అద్దం తోమినట్టే. కంటికి ఆనని గీతలు పడతాయి. పగలు తెలియదు. రాత్రి ఎదుటి బండి లైటు పడేసరికి ఆ గీతలన్నీ ఒక్కసారిగా మెరిసి కళ్లు బైర్లు కమ్ముతాయి. తర్వాత ఏం పోసి కడిగినా ఆ గీతలు పోవు, అద్దం మార్పించుకోవలసిందే.

అన్నట్టు, ఈ వైపరుకి తొలి రోజుల్లో పేటెంటు పొందినవాళ్లలో ఒక స్త్రీ ఉంది. అమెరికాలోని అలబామా రాష్ట్రానికి చెందిన మేరీ ఆండర్సన్. న్యూయార్కు వెళ్లినప్పుడు మంచు కురుస్తున్న వేళ ట్రాము నడిపేవాడు అద్దం కనబడక పడే అవస్థ చూసి, లోపల కూర్చునే కాడ తిప్పితే బయట రబ్బరు అద్దాన్ని తుడిచే పరికరం ఒకటి ఆలోచించింది. 1903 నవంబరులో దానికి పేటెంటు వచ్చింది. 1905లో కెనడాలోని ఒక సంస్థకి అమ్మజూపితే, దానికి వ్యాపార విలువ లేదని జవాబు రాశారు. ఇవాళ వైపరు లేని కారు మనకి కనబడుతుందా? బానెట్టు కింద సంగతి ఆడవాళ్లకేం తెలుసని ఎవరైనా అంటే ఈ మాట చెప్పండి.

ఏ నీళ్లు పోయాలి?

చాలామంది తోటకి పెట్టే పైపు తెచ్చి బోరు నీళ్లు నింపేస్తారు. బోరు నీళ్ల సంగతి మనకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరున్నారు? బకెట్టు అడుగున తెల్లటి అట్ట, గీజరు రాడ్డు మీద సున్నపు పెచ్చులు, కుళాయి చుట్టూ తెల్ల మరకలు. అదే సున్నం ఈ డబ్బాలోకి, అక్కణ్ణించి సన్నని రబ్బరు గొట్టంలోకి, చివరికి నీళ్లు చిమ్మే ముక్కులోకి చేరుతుంది. ఆ ముక్కు రంధ్రం సూదిమొన పట్టేటంత ఉంటుంది. పూడిపోవడానికి ఎంతసేపు? పైగా ఎండలో కారు నిలబెడితే అద్దం మీద పడ్డ నీళ్లు ఆరిపోయి తెల్లటి చుక్కలు మిగులుతాయి.

అందుచేత ఉప్పులేని మెత్తటి నీళ్లు పోయాలి. ఇన్వర్టరు బాటరీలో పోయడానికి డిస్టిల్డ్ వాటరు కొంటాం కదా, అది అన్నిటికన్నా మంచిది. అది లేకపోతే తాగడానికి పట్టుకునే ఆర్వో ఫిల్టరు నీళ్లు చాలు. అవీ లేవంటే, కుళాయి మంచినీళ్లు బాగా మరగబెట్టి, చల్లార్చి, అడుగున తేరినది కదలకుండా పైనీళ్లు గుడ్డలో వడగట్టి పోయండి. మరిగిస్తే నీళ్లలోని సున్నం కొంత అడుక్కి దిగుతుంది. ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లు పడతారు కొందరు. అవి మెత్తటి నీళ్లేగాని, ఏసీ లోపలి దుమ్మూ బూజూ కడుక్కుని వస్తాయి. వాటితో గచ్చు తుడుచుకోండి, ఇందులో మాత్రం పోయకండి.

"మంచి నీళ్లే పోస్తాం, ఇక మందు దేనికి?" అని అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. ఒకటి, జిడ్డు ఉత్త నీళ్లకి వదలదు. నేతిగిన్నె ఉత్త నీళ్లతో కడిగితే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? రెండోది ఆరోగ్యం మాట. కదలకుండా గోరువెచ్చగా నిలవుండే నీళ్లలో లెజియొనెల్లా అనే సూక్ష్మజీవి పెరగగలదు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఒక సమావేశానికి వచ్చినవాళ్లకి న్యుమోనియా వంటి జబ్బు వచ్చినప్పుడు ఇది మొదట బయటపడింది. ఈ జీవి ఉన్న నీళ్లు సన్నటి తుంపరగా మారి ఊపిరితో లోపలికి పోతే జబ్బు చేస్తుంది. 2010లో బ్రిటనులో ఆరోగ్యశాఖ పరిశోధకులు కార్ల నీళ్ల డబ్బాలను పరీక్షిస్తే, ఉత్త నీళ్లున్న కార్లలో ఐదింట ఒకదానిలో దీని జాడ కనబడింది. అద్దం కడిగే మందు కలిపిన కార్లలో ఒక్కదానిలోనూ కనబడలేదు. దీనికి బెంబేలు పడనక్కర్లేదు. ఎండాకాలం కూలరులో నీళ్లు మురగనివ్వకుండా మారుస్తామే, ఆపాటి శ్రద్ధ ఇక్కడా ఉండాలనే ఈ మాట చెప్పడం.

వంటింటి సరుకులు వద్దు

మందు కలపమన్నాను కదా అని అంట్లు తోమే సబ్బునీళ్లు పోసేయకండి. చాలా ఇళ్లలో జరిగేది ఇదే. ఆ సబ్బు నురగ రావడానికి తయారుచేసింది. అద్దం మీద నురగ లేస్తే వైపరు దాన్ని అటూ ఇటూ నెడుతుందే తప్ప తుడవదు, ఎదురు ఎండ పడితే ఏమీ కనబడదు. గిన్నెలైతే తోమాక నాలుగు చెంబుల నీళ్లు పోసి కడుగుతాం. కారు అద్దాన్ని రోడ్డు మధ్యలో అలా కడిగేదెవరు? సబ్బు పొర ఆరిపోయి అక్కడే ఉంటుంది. రాత్రిపూట ఆ పొర మీద వెలుగు పడితే అద్దం పాలు పోసినట్టు అవుతుంది. బట్టల సబ్బుపొడి, తలకి పోసుకునే షాంపూ కూడా ఇంతే.

కుంకుడుకాయ రసం సహజమైనది కదా అంటారు కొందరు. సహజమైనదే, అందుకే నిలవుంటే మురిగిపోతుంది. పిప్పి గొట్టానికి అడ్డం పడుతుంది. నిమ్మరసం, వెనిగరు, వంటసోడా, ఇవన్నీ ఇంట్లో చేతితో తుడిచే అద్దాలకి పనికొస్తాయేమో గాని ఈ డబ్బాకి తగవు. ఫినాయిలు సంగతి అసలు చెప్పనక్కర్లేదు. అలాగే ఇంట్లో అద్దాల మీద చిమ్మి కాగితంతో తుడిచే మందు ఉంటుంది. చిమ్మిన వెంటనే తుడిచేయడానికి చేసినది అది. డబ్బాలో పోస్తే నురగ కడుతుంది.

కొనేటప్పుడు ఏం చూడాలి?

కారు సామాన్ల దుకాణాల్లో అద్దం కడిగే మందు మూడు రకాలుగా దొరుకుతుంది. ఒకటి, నేరుగా పోసేసేది. సీసా విప్పి డబ్బాలో వంచేయడమే, నీళ్లు కలపనక్కర్లేదు. రెండోది, చిక్కటి మందు. కొలత ప్రకారం నీళ్లలో కలుపుకోవాలి. మూడోది బిళ్లలు. తలనొప్పికి నీళ్లలో వేసుకునే బిళ్లలాగ బుసబుస పొంగి కరిగిపోతాయి. పూర్తిగా కరిగాకే డబ్బాలో పోయాలి. సగం కరిగిన ముక్క గొట్టంలో అడ్డం పడొచ్చు.

ఇంటి లెక్కకి చిక్కటి మందో బిళ్లలో చౌక. చిన్న సీసా చాలా రోజులు వస్తుంది. అయితే కొలత తప్పకూడదు. సీసా మీద ఒకటికి యాభై అని ఉందనుకోండి, ఒక లీటరు నీళ్లకి 20 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ చెంచాతో నాలుగు చెంచాలు. ఒకటికి వంద అని ఉంటే రెండు చెంచాలు. ఆ చెంచా మళ్లీ వంటింట్లోకి రాకూడదు, సీసాకే కట్టి ఉంచండి. "ఇంకాస్త వేస్తే ఇంకాస్త శుభ్రం" అన్న మాట ఇక్కడ చెల్లదు. ఎక్కువైతే అద్దం మీద చారలు కడతాయి.

రంగు చూసి మోసపోకండి. నీలం, ఆకుపచ్చ, గులాబీ ఏదైనా అది రంగే, గుణం కాదు. సీసా మీద కారు అద్దం కడిగే డబ్బాకని స్పష్టంగా రాసి ఉందా, ఎంత నీటికి ఎంత కలపాలో ఉందా, అందులో ఏముందో, తయారుచేసినవాళ్ల చిరునామా ఏమిటో ఉందా, ఇవి చూడండి. పేరూ ఊరూ లేని సీసా చౌకగా వస్తోందని కొనకండి. వాన చినుకు జారిపోయేలా పూత వేసే రకం కూడా అమ్ముతారు. అది వాడదలుచుకుంటే అదే వాడండి. ఒక రకం మీద ఇంకో రకం కలిపితే కొన్ని జిగురులా గడ్డకట్టి గొట్టాన్ని పూడుస్తాయి. రకం మార్చాలనుకున్నప్పుడు పాతది మొత్తం చిమ్మించి ఖాళీ చేసి, మంచినీళ్లతో ఒకసారి కడిగి, అప్పుడు కొత్తది పోయండి.

కాలాన్ని బట్టి కూడా అవసరం మారుతుంది. మామిడి పూతకొచ్చే రోజుల్లో చెట్టు కింద కారు పెడితే తేనెమంచు పురుగు వల్ల అద్దమంతా జిగురు చుక్కలు పడతాయి. తొలి వానలకి సాయంత్రం పూట దీపాల చుట్టూ ఉసుళ్లు లేస్తాయి, అద్దానికి కొట్టుకుని చస్తాయి. ఇవి ఉత్త నీళ్లకి వదలవు. అట్టకట్టినప్పుడు వైపరుతో రుద్దకుండా, బండి ఆపి, తడిగుడ్డ ఐదు నిమిషాలు అద్దం మీద పరిచి నాననిచ్చి తుడవండి. దసరాకి ఆయుధపూజ చేసి కారుకి బొట్టు పెడతాం కదా, ఆ గంధం, కుంకుమ బానెట్టు మీద పెట్టండి. అద్దం మీద పెట్టాలనుకుంటే వైపరు తిరగని మూల పెట్టండి.

అమెరికాలో నీలం నీళ్లు

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. మనలో ఎంతోమంది అమ్మాయి పురిటికనో, మనవడిని చూసుకోవడానికనో అమెరికా, కెనడా వెళ్లి ఆరేసి నెలలు ఉండి వస్తున్నారు. అక్కడి గరాజుల్లో పెద్ద ప్లాస్టిక్కు సీసాలో చూడముచ్చటైన నీలం రంగు నీళ్లు కనబడతాయి. అవి ఈ అద్దం కడిగేవే. అక్కడ చలికాలంలో ఉత్త నీళ్లు గడ్డకట్టి డబ్బా పగిలిపోతుంది, అద్దం మీద పడ్డ నీళ్లు అక్కడికక్కడే మంచుపొర అవుతాయి. అందుకని సున్నాకి దిగువన 29 డిగ్రీల సెంటిగ్రేడు దాకా గడ్డకట్టనివి కూడా అమ్ముతారు. గడ్డకట్టకుండా ఉండటానికి వాటిలో చాలావాటికి మిథైల్ ఆల్కహాలు కలుపుతారు.

మిథైల్ ఆల్కహాలు అంటే ఏమిటో మనవాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. కల్తీసారా తాగి చూపు పోయిందనీ, ప్రాణం పోయిందనీ పేపర్లో చదువుతాం కదా, ఆ విషం ఇదే. అది కడుపులోకి పోతే శరీరంలో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. పసిపిల్లలకి కొద్దిపాటి తాగినా ప్రమాదమే. నీలం రంగు, షర్బత్తులాంటి మెరుపు, పిల్లలకి అందే ఎత్తున అరమర, ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో ఊహించుకోండి. ఈ కారణంగానే యూరపు దేశాల్లో 2019 మే నెల నుంచి, మిథైల్ ఆల్కహాలు 0.6 శాతం గాని అంతకు మించి గాని ఉన్న అద్దం కడిగే మందులు మామూలు జనానికి అమ్మరాదని కట్టడి చేశారు.

మన ఆంధ్ర, తెలంగాణా ఊళ్లకి గడ్డకట్టని రకం అవసరమే లేదు. కారులో హిమాచలో కాశ్మీరో వెళ్లేవాళ్లు తప్ప మిగతావాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు. మామూలు మందే తీసుకోండి, మిథనాల్ అని గాని, పుర్రె గుర్తు గాని ఉన్నదాన్ని వద్దనండి.

మామూలు మందు కూడా పిల్లలు తాగేది కాదు. కూల్‌డ్రింకు సీసాలోనో, మంచినీళ్ల సీసాలోనో కలిపి ఉంచుకోవడం మానండి. ఆ సీసాల్లో పోసిన కిరసనాయిలు తాగి ఎందరు పిల్లలు ఆస్పత్రి పాలయ్యారో మన తరానికి తెలుసు. కొన్న సీసాలోనే, బిగించిన మూతతో, పిల్లలకి అందని చోట, పొయ్యికీ దీపానికీ దూరంగా ఉంచండి. డబ్బాలోంచి నీళ్లు తీయాలని గొట్టం పెట్టి నోటితో పీల్చడం ఎన్నటికీ చేయకండి.

ఒకవేళ పిల్లవాడు తాగాడని అనుమానం వస్తే, బాగానే ఆడుకుంటున్నాడు కదా అని చూస్తూ కూర్చోకండి. మిథైల్ ఆల్కహాలు విషం గంటల తర్వాత గాని బయటపడకపోవచ్చు. ఉప్పునీళ్లు పట్టి కక్కించే ప్రయత్నం చేయకండి. ఇక్కడైతే 108కి ఫోను చేయండి, లేదా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి. సీసా కూడా వెంట పట్టుకెళ్లి డాక్టరుగారికి చూపించండి. దీనికి విరుగుడు వైద్యం ఉంది, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు.

పోసే పద్ధతి

కారు చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, చల్లారనివ్వండి. డ్రైవరు కాళ్ల దగ్గరో, పక్కనో ఉండే చిన్న మీట లాగితే బానెట్టు కాస్త లేస్తుంది. ముందుకు వచ్చి, కింద వేలు పెట్టి కొక్కెం తప్పించి పైకెత్తి, ఊతకడ్డీ నిలబెట్టండి. ఊత సరిగా కూర్చున్నదాకా తల లోపల పెట్టకండి. చీర కొంగు దోపుకోండి, చున్నీ ఉంటే తీసి పక్కన పెట్టండి.

లోపల మూతలు చాలా కనబడతాయి. మనక్కావలసిన మూత మీద అద్దం ఆకారం, దాని మధ్యనుంచి నీళ్లు చిమ్ముతున్నట్టు బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మే గుర్తు. కొన్ని కార్లలో మూత నీలంగా ఉంటుంది, కొన్నిటిలో నల్లగా ఉంటుంది, అందుకని రంగుని నమ్ముకోవద్దు. అనుమానముంటే కారుతో ఇచ్చిన పుస్తకం తీసి చూడండి. డబ్బాలో ఎన్ని లీటర్లు పడతాయో కూడా అందులోనే ఉంటుంది.

పక్కనే కూలెంటు డబ్బా ఉంటుంది. అది ఇంజనుని చల్లబరిచేది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు దాని మూత తీస్తే, ఆవిరి పోకుండా కుక్కరు మూత లాగినట్టే, మొహాన కొట్టి కాలుతుంది. దాంట్లోది తియ్యగా ఉండే విషం కూడాను. బ్రేకు ఆయిలు డబ్బా చిన్నది. అందులో నీళ్లు పడితే అవసరానికి బ్రేకు పడకపోవచ్చు. అందుకని బొమ్మ కనబడ్డాకే మూత తీయండి. పొరపాటున వేరేదానిలో పోసేస్తే కారు స్టార్టు చేయకండి. తాళం తీసి పక్కన పెట్టి మెకానిక్కుని పిలవండి. స్టార్టు చేయకముందు అయితే కడిగి బాగుచేయడం తేలిక. అలాగే కూలెంటుని అద్దం డబ్బాలో పోసినా అద్దం జిడ్డు జిడ్డుగా అలుక్కుపోయి దారి కనబడదు.

మూత తీశాక చుట్టూ ఉన్న దుమ్ము తడిగుడ్డతో తుడవండి. గరాటు పెట్టి మెల్లగా పోయండి. ఈ గరాటు దీనికే ప్రత్యేకం, నూనె గరాటు తేకండి. మూతి దాకా కాకుండా కాస్త ఖాళీ వదలండి. మూత టక్కుమనేలా నొక్కండి. బానెట్టు దించి, కారు ఆన్ చేసి, కాడ లాగి రెండుసార్లు చిమ్మించి చూడండి. కొత్త నీళ్లు ముక్కుదాకా చేరడానికి కాసేపు పట్టొచ్చు.

నీళ్లు రాకపోతే

కాడ లాగితే "జుయ్" మని చప్పుడు వస్తోంది గాని నీళ్లు రావడం లేదంటే, డబ్బా అయినా ఖాళీగా ఉండాలి, గొట్టం అయినా ఊడి ఉండాలి, ముక్కు అయినా పూడి ఉండాలి. ముక్కు రంధ్రంలో సన్నని సూదిమొన మెల్లగా పెట్టి తీస్తే తరచు సరిపోతుంది. కొత్త కార్లలో విసనకర్రలా పరుచుకునేలా నీళ్లు చిమ్మే ముక్కులుంటాయి. వాటిలో సూది పెట్టకుండా మెత్తటి బ్రష్షుతో తోమండి. చప్పుడే లేదంటే ఫ్యూజో మోటారో పోయి ఉండొచ్చు, అది మెకానిక్కు పని. నీళ్లు రాకపోయినా కాడ అదే పనిగా లాగి పట్టుకోకండి. నీళ్లు లేకుండా తిరిగితే ఆ చిన్న మోటారు కాలిపోతుంది. పోసిన నాలుగు రోజులకే నీళ్లు అయిపోతుంటే డబ్బా ఎక్కడో కారుతోందన్నమాట.

వైపరు రబ్బరు కూడా చూడండి. మన ఎండలకి అది గట్టిపడి పెచ్చులూడుతుంది. అప్పుడు ఎంత మంచి మందు పోసినా చారలే. నెలకోసారి తడిగుడ్డతో రబ్బరు అంచు తుడవండి, వానాకాలానికి ముందు పాడైన రబ్బరు మార్పించండి. ఇంకొక తేడా గమనించండి. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున ప్రయాణం చేస్తే అద్దం లోపలివైపు ఆవిరి పట్టి మసకబారుతుంది. అది ఈ నీళ్లకి పోదు. ఏసీ గాలి అద్దం మీదికి తిప్పితే పోతుంది.

నడిపేటప్పుడు నీళ్లు చిమ్మించాలంటే ముందు వేగం తగ్గించండి. చిమ్మిన మొదటి క్షణం అద్దం అలుక్కుపోయి, ఆ తర్వాతే తేటపడుతుంది. మలుపులోనూ, ఎదుటి బండిని దాటేటప్పుడూ ఆ పని పెట్టుకోకండి. పక్కన స్కూటరు మీద ఎవరైనా వెళుతుంటే ఆగండి. మన అద్దం కడుక్కోవడానికి వాళ్ల మొహాన నీళ్లు కొట్టడం మర్యాద కాదు.

చూశారా, ఇందులో మనకి కొత్తది ఏముంది? నీళ్లు తేటవా ఉప్పువా చూడటం, మందు కొలతగా కలపడం, సీసా పిల్లలకి అందకుండా పెట్టడం, ఇవన్నీ రోజూ ఇంట్లో చేస్తున్నవే. నెలసరుకులు తెచ్చుకున్న రోజునే ఈ డబ్బా కూడా ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకోండి. డ్రైవరు ఉంటే "అద్దం నీళ్లు చూశావా బాబూ, ఏం పోశావు?" అని అడగండి. కారు నేర్చుకుంటున్న అమ్మాయికీ కోడలికీ స్టీరింగుతో పాటు ఈ మూత ఎక్కడుందో కూడా చూపించండి. ముందు సీట్లో కూర్చున్నవాళ్ల ప్రాణాలూ, రోడ్డు మీద నడిచేవాళ్ల ప్రాణాలూ ఆ అద్దం తేటగా ఉండటం మీద ఆధారపడి ఉన్నాయి.